కారు కిందికి వంగి చూసేవాడేడీ?

ఈ రోజుల్లో కారుకు పసుపు కుంకుమ పెట్టేవాళ్ళున్నారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్ళున్నారు, అద్దం దగ్గర సెంటు సీసా వేలాడదీసేవాళ్ళున్నారు. కిందికి వంగి చూసేవాడు మాత్రం మా వీధి మొత్తం గాలించినా ఒక్కడు దొరకడు. అదేమిటయ్యా అంటే, "దానికి సర్వీస్ సెంటరుంది కదండీ" అంటారు. ఉంటే? డాక్టరున్నాడు కదా అని పళ్ళు తోముకోవడం మానేస్తామా?

మొన్నీమధ్య మా అల్లుడు తన పాత కారు సర్వీసింగుకిచ్చి, వాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మావయ్యగారూ, ఎడంపక్క యాక్సిల్ పోయిందటండీ. అసెంబ్లీ మొత్తం మార్చాలట."

"స్టీరింగు చివరంటా తిప్పి బండి కదిలిస్తే కటకటమంటోందా?"

"లేదండీ."

"ఎక్సిలేటర్ తొక్కినప్పుడు వణుకుతోందా?"

"అదీ లేదండీ."

"మరి పోయిందని ఎవరికి తెలిసింది?"

"ఎస్టిమేట్‌లో వచ్చిందండీ."

విన్నారా! మా రోజుల్లో రోగం ముందు బండిలో కనబడి, ఆ తర్వాత కాగితమ్మీదికి ఎక్కేది. ఇప్పుడు కాగితమ్మీదే పుడుతోంది. స్టీరింగు ఒక పక్కకి తిప్పించి, టార్చి పట్టుకుని వంగి చూశాను. రబ్బరు బూటు మడతలో వేలెడంత చిరుగు. అందులోంచి చిమ్మిన గ్రీజు రిమ్ము లోపలివైపు నల్లగా, వర్తులంగా అంటుకుని ఉంది. కడ్డీని పట్టుకుని ఊపితే లూజు లేదు, చప్పుడూ లేదు. చిరిగింది బూటు, మార్చమన్నది యాక్సిల్. బూటు ఖరీదు వందల్లో, అసెంబ్లీ ఖరీదు వేలల్లో. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకొచ్చారు.

తెలియనివాళ్ళకోసం రెండు ముక్కలు చెప్పాలి. ముందు చక్రాలు లాగే కార్లలో గేరుబాక్సు నుంచి రెండు చక్రాలకీ రెండు ఉక్కు కడ్డీలు పోతాయి. వాటినే మనవాళ్ళు యాక్సిళ్ళంటారు. ఒక్కో కడ్డీకి రెండు కొసలా రెండు జాయింట్లు. అన్నీ కలిపితే అసెంబ్లీ. బయటి జాయింటుది చాకిరీ అంతా ఇంతా కాదు. చక్రం తిరిగినవైపు తానూ తిరగాలి, గుంటలో పడితే కిందికి, స్పీడ్ బ్రేకరెక్కితే పైకి ఊగాలి, ఇవన్నీ చేస్తూ చక్రాన్ని ఒకే వేగంతో తిప్పుతూ ఉండాలి. దాని లోపల మామూలుగా ఆరు ఉక్కు గోళీలు నున్నటి గాడుల్లో దొర్లుతుంటాయి. చుట్టూ దట్టంగా గ్రీజు. ఆ గ్రీజు బయటికి పోకుండా, దుమ్మూ నీళ్ళూ లోపలికి చొరబడకుండా కాపలా కాసే మడతల రబ్బరు తొడుగే బూటు. అది చిరిగిన నాడు గ్రీజు చిమ్మేస్తుంది, మట్టి దూరుతుంది, ఆ మట్టితో గోళీలూ గాడులూ అరిగిపోతాయి. అప్పుడు మొదలవుతుంది మలుపులో కటకట. శబ్దం వచ్చేదాకా ఆగినవాడికి ఇక బూటుతో పని లేదు, జాయింటే మార్చుకోవాలి.

మా రోజుల్లో ఈ బూటు గొడవ లేదు. మా రోడ్లమీద తిరిగే అంబాసిడరూ, ప్రీమియర్ పద్మినీ రెండూ వెనక చక్రాలమీద నడిచే బండ్లే. గేరుబాక్సు నుంచి వెనకదాకా పొడుగాటి షాఫ్టు, దానికి రెండు పక్కలా క్రాసులు. ఆ క్రాసు జాయింటు పదిహేడో శతాబ్దంనాటి రాబర్ట్ హుక్ పేరు మీద చెలామణీ అవుతున్న పాత పరికరం. మొండిది, నమ్మకమైనది, కానీ దానికో దుర్గుణం ఉంది. వంగి తిరుగుతున్నప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు మందగిస్తుంది. అందుకే షాఫ్టుకి రెండు క్రాసులు పెట్టి, ఒకదాని తప్పు రెండోదానితో దిద్దిస్తారు. విప్పేముందు పెట్టుకున్న గుర్తులు కలపకుండా ఎవడైనా బిగించాడా, బండి వణుకుతూ వాడి బండారం బయటపెట్టేది.

ముందు చక్రాల దగ్గర ఈ క్రాసుల ఆట సాగదు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు వంపు మరీ ఎక్కువ. ఆ చిక్కును విప్పినవాడు ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఫోర్డు కంపెనీ ఇంజనీరు. ఈ ఆరు గోళీల జాయింటును ఆయన 1920ల్లో కనిపెట్టాడు. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారు ఆ తరహా జాయింటును చవక కార్లలోకి తెచ్చింది. మన దేశంలో సామాన్యుడి గుమ్మంలోకి అది 1983 డిసెంబరులో మారుతీ 800 వెంట వచ్చింది. ఆ బండి వచ్చిన కొత్తలో మా ఆర్టీసీ గ్యారేజీలో మేస్త్రీలంతా దాని కిందికి దూరి చూసి, "షాఫ్టేదిరా?" అని వెతుక్కున్నారు. షాఫ్టు లేదు, వెనక డిఫరెన్షియల్ లేదు, గ్రీజు కొట్టడానికి షాఫ్టు మీద ఒక్క నిప్పలూ లేదు. "ఇదేం బండి, కిందంతా ఖాళీ" అని నవ్వుకున్నాం.

ఆ నిప్పల్ లేకపోవడంతోనే వచ్చింది అసలు తంటా. అంబాసిడరున్నవాడికి గ్రీజు గన్ను ఇంట్లో ఉండాల్సిందే. ఆదివారం పొద్దున్నే వీధిలో చాప పరుచుకుని బండి కిందికి దూరేవాళ్ళు గుమాస్తాలు, మేష్టార్లు, కాంట్రాక్టర్లు. ముందు చక్రాల పిన్నులకి, షాఫ్టు క్రాసులకి గన్ను పట్టించి నొక్కితే, ముందు మట్టిరంగు పాత గ్రీజు ఉబికి వచ్చేది. దాని వెనకాలే కొత్త గ్రీజు తేనెరంగులో తొంగిచూసేదాకా కొట్టి, చుట్టూ వేస్టుతో తుడిచి, తర్వాతి నిప్పల్‌కి పోయేవాళ్ళం. గ్రీజు కొట్టడం ఒక వంక మాత్రమే. ఆ వంకతో ఏ నట్టు వదులైంది, ఎక్కడ ఆయిల్ చెమ్మగిల్లింది, ఏ రబ్బరు బుష్ ఎండి పగిలింది, అన్నీ కళ్ళబడేవి. బండి ఏమవుతోందో యజమానికి తెలిసేది.

బూటు వచ్చి ఆ పని తప్పించింది. లోపల గ్రీజు నింపి, రెండు కొసలా క్లాంపులు బిగించి కంపెనీవాడు పంపిస్తే, మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. గొప్ప సౌకర్యమే, కాదనను. దాంతోపాటు మనకి వంగడం పోయింది. గ్రీజు కొట్టే పని లేదు కనుక కిందికి చూసే పని లేదు. చూడలేదు కనుక చిరుగు కనబడదు. కనబడలేదు కనుక జాయింటు పోయేదాకా తిరుగుతాం. అప్పుడు "ఈ కాలం కార్లలో పస లేదండీ" అని కారుని తిడతాం. పస లేనిది కారులో కాదు.

ఇరవై ఏళ్ళు దాటిన మారుతీ 800 నాకిప్పటికీ ఉంది. దాని బూట్లు ఇంటి దగ్గరే మారుస్తాను. అదేం బ్రహ్మవిద్య కాదు, కాస్త ఓపిక, కొన్ని పానాలు, వినే మనిషి ఒకడు కావాలి. వినే మనిషి ఎందుకంటే, హబ్బు మధ్యలో ఉండే పెద్ద నట్టును చక్రం నేలమీద ఉండగానే వదులు చెయ్యాలి. స్ప్లిట్ పిన్ను పీకేసి, పొడుగాటి గొట్టం తొడిగిన పానా ఎక్కించాక, ఒకడు సీట్లో కూచుని బ్రేకు మీద కాలు తియ్యకుండా ఉండాలి. మా మనవణ్ణి కూచోబెడితే ఒక కన్ను ఫోను మీద, ఒక కాలు బ్రేకు మీద. "ఒరేయ్, తొక్కరా!" అని అరిస్తే "తొక్కుతున్నా తాతయ్యా!" అంటాడు, బండి మాత్రం జరుగుతూనే ఉంటుంది. మా రోజుల్లో మేస్త్రీ పక్కన హెల్పరు ఫోను చూడడం అటుంచి, తుమ్మడానికి కూడా అడిగేవాడు.

నట్టు వదిలాక జాకీ ఎత్తి, బండిని స్టాండు మీద నిలబెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరేవాడితో నాకు మాటల్లేవు. గేరు ఆయిల్ డబ్బాలోకి దించి, కింది చెయ్యి దగ్గర బాల్ జాయింటు విడదీసి, హబ్బును బయటికి లాగితే కడ్డీ కొస చేతికొస్తుంది. దాన్ని వేలాడనివ్వకూడదు, ఒక తీగతో పైకి కట్టి ఉంచాలి. గేరుబాక్సువైపు కొసను పట్టె పెట్టి పెకలించేటప్పుడు ఆయిల్ సీల్ అంచుకి గీత పడకుండా చూడాలి. ఆ సీల్ పాడైతే బూటు మార్చి గేరు ఆయిల్ కారుడు తెచ్చిపెట్టుకున్నట్టే. మరొక మాట. కడ్డీ లేని హబ్బు మీద బండి బరువు మోపి దొర్లించకూడదు, బేరింగు చెడుతుంది.

కడ్డీ బల్లమీదికొచ్చాక అసలు పని. నా బండిలో బయటి జాయింటును ఊడదీయొద్దని కంపెనీ పుస్తకమే చెబుతుంది, అది పాడైతే మొత్తంగా మార్చుకోవడమే. కనుక లోపలి జాయింటు విప్పి, సర్‌క్లిప్ తీసి, బయటి బూటును కూడా అటునుంచే ఎక్కించాలి. విప్పేముందు ఏది ఎలా ఉందో పెయింటుతో చుక్క పెట్టుకుంటే చాలు, ఉలితో గాట్లు పెట్టడం మేస్త్రీతనం కాదు. పాత గ్రీజును తుడిచే ముందు చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తాను. జారిపోతే జాయింటు బతికే ఉంది. కిరకిరమంటే మట్టి దూరింది. అప్పుడు మొత్తం కడిగి, ఆరబెట్టి, గోళీల మీద గుంటలున్నాయా, గాడుల్లో మెట్టు పడిందా అని వెలుతుర్లో చూడాలి. ఉంటే ఎంత మంచి బూటు తొడిగినా దండగే.

కొత్త గ్రీజు నల్లగా ఉంటుంది, అందులో మాలిబ్డినం డైసల్ఫైడ్ కలుస్తుంది. ఆ జాయింటుకి అదే వాడాలి. బూటుతోపాటు వచ్చే ప్యాకెట్ మొత్తం వాడాలి. సగం జాయింటులోకి వేళ్ళతో కూరి, మిగతాది బూటులోకి. "చక్రం బేరింగు గ్రీజు మిగిలింది, అదే పెట్టేద్దాం" అనేవాళ్ళకి ఓ దణ్ణం. క్లాంపు బిగించేముందు బూటు చిన్న కొసను చిన్న స్క్రూ డ్రైవరుతో కాస్త ఎత్తాలి. లోపల చిక్కిన గాలి తుస్సుమని పోతుంది, లేదా బయటి గాలి లోపలికి పోతుంది. ఆ తుస్సు వినకపోతే మడతలు లోపలికి లాక్కుపోయి, తిరిగే కడ్డీకి రాసుకుని, కొత్త బూటూ పాతదాని దారే పడుతుంది. ఈ చిన్న పని చెయ్యనివాడు ఎంత పెద్ద షెడ్డు పెట్టినా నా లెక్కలో మేస్త్రీ కాడు. చివర్లో గేరు ఆయిల్ పోసి, చక్రం నేలకి దించి, నట్టును పుస్తకంలో రాసిన టార్కుకి బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ను వెయ్యాలి.

ఇప్పటివాళ్ళు ఇంత శ్రమ పడరు. కడ్డీ తియ్యకుండానే తొడగొచ్చని మధ్యలో చీలిక ఉన్న బూటొకటి అమ్ముతున్నారు. బూటు పని గ్రీజు బయటికి రాకుండా ఆపడం. దానికి ముందే చీలిక పెట్టి, గ్రీజు అంటిన చేతులతోనే గమ్ముతో అతికించడం! ఊరికి చేరడానికి ఒకపూట పనికొస్తుందేమో, అంతకుమించి నేను నమ్మను. ఇంకో ఘనుడు ఉక్కు క్లాంపు బదులు వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ బిగించాడు. నాలుగు రోజులకి బూటు కడ్డీ మీద జారి, గ్రీజంతా సస్పెన్షన్ మీద పోసింది.

అలాగని మావాళ్ళూ తక్కువ తినలేదు. చిరిగిన బూటు మీద సైకిల్ ట్యూబు చుట్టి బైండింగ్ వైరు బిగించిన మహానుభావుల్ని నేను ఎరుగుదును. అప్పట్లో రబ్బరు నాణ్యత కూడా అంతంతమాత్రమే. కొత్త బండ్లకొచ్చే గట్టి రకం ప్లాస్టిక్ రబ్బరు ఎండకీ నూనెకీ బాగా ఆగుతోంది, ఒప్పుకోక తప్పదు. బయటి జాయింటు ఊడదీయకుండా శంక్వాకారపు పనిముట్టు మీదనుంచి బూటును సాగదీసి ఎక్కించే పద్ధతీ వచ్చింది. అది మంచి ఊహే, తొడిగేవాడికి చెయ్యి తిరిగి ఉండాలి. మాన్యువల్ సంగతైతే చెప్పనక్కర్లేదు. మా రోజుల్లో అది ఫోర్‌మన్ గారి బీరువాలో తాళం వెనక ఉండేది, అడిగితే "నీకెందుకోయ్" అనేవారు. ఇప్పుడు ప్రతి బండి ఎలా విప్పాలో మనవడి ఫోన్లోనే కనబడుతుంది. ఇంత విద్య అరచేతిలో ఉండి, ఒక్కడి చేతికీ గ్రీజు అంటకపోవడమే నా బాధ.

సర్వీస్ సెంటర్లవాళ్ళు అసెంబ్లీ మార్చమనడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. జాయింటు విప్పి, కడిగి, చూసి, మళ్ళీ తొడగడానికి పూట పడుతుంది. కొత్త కడ్డీ దూర్చి నట్టు బిగిస్తే త్వరగా అయిపోతుంది. రేపు శబ్దం వచ్చినా "కొత్తదే వేశాం కదండీ" అని చేతులు దులుపుకోవచ్చు. జాయింటు నిజంగా అరిగితే మార్చమనడం న్యాయమే. బాగున్న జాయింటును, తెరిచి చూడకుండానే చెత్తబుట్టలో వెయ్యమనడం ఏ న్యాయం? విజయవాడ ఆటోనగర్‌లో గ్రీజు రుద్ది జాయింటు ఆయుష్షు చెప్పగల చేతులు ఇంకా ఉన్నాయి. కానీ అవన్నీ నెరిసిన తలల చేతులు. వాళ్ళ పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు, షెడ్డులో కుర్రాడికి విప్పడం నేర్పేవాడు లేడు, మార్చడం మాత్రం నేర్పుతున్నారు.

పాత బండి ఉంచుకోవడమూ ఇప్పుడు తేలికగా లేదు. పదిహేనేళ్ళు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించడానికి 600 రూపాయలుండే ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ తయారీ కూడా ఆగింది. పాత యుగపు షాఫ్టూ, కొత్త యుగపు బూటూ ఒకే ఏడాది చేతులెత్తేశాయి. అయితే ఆ బండ్లు రోడ్డు మీంచి పోలేదు. విడిభాగాలు దొరుకుతున్నాయి, ఊళ్ళల్లో ఇంకా నడుస్తున్నాయి. నడిపేవాడు బూటు చూసుకుంటే ఇంకా నడుస్తాయి.

చూసుకోవడానికి పెద్ద సమయం కూడా అక్కర్లేదు. నెలకోసారి స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, చక్రం వెనక టార్చి వెయ్యండి. మడతల మధ్య పగుళ్ళున్నాయా, రిమ్ము లోపల నల్లటి గ్రీజు చారలున్నాయా చూడండి. ఉలవతీగా, కందికట్టే నూర్చడానికి రోడ్డు మీద పరిచిన ఊళ్ళమీదుగా వస్తే ఇంటికి రాగానే చూడండి, ఆ తీగ యాక్సిల్‌కి చుట్టుకుందంటే బూటును కోసేస్తుంది. వానాకాలం బురద నీళ్ళలో తిరిగొచ్చాక ఇంకోసారి చూడండి.

అల్లుడి కారుకి చివరికి బూటే మార్చాం, జాయింటు అలాగే ఉంది, బండి చప్పుడు లేకుండా తిరుగుతోంది. కనుక ఎవరైనా "యాక్సిల్ పోయింది" అంటే డబ్బు తియ్యకముందు మూడు మాటలు అడగండి: మలుపులో శబ్దం వస్తోందా, జాయింటు విప్పి చూశారా, గోళీలమీద గుంటలు చూపిస్తారా? చూపిస్తే నిస్సందేహంగా మార్పించండి. చూపించకపోతే బూటు, గ్రీజు, రెండు క్లాంపులు కొనుక్కుని, పని తెలిసిన మేస్త్రీ దగ్గరికి పోయి, ఆయన చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడండి. చిరుగు కనబడ్డ వారంలోనే మార్పించారా, మీ జాయింటు ఇంకా ఏళ్ళతరబడి పనిచేస్తుంది.